చేపల లారీ డోరులో ఉప్పు నీళ్ళు: తొమ్మిది స్విచ్‌లు మార్చాక దొరికిన జబ్బు

"మేస్త్రీ, డోరు దానంతటదే లాక్ పడుతోంది, దానంతటదే తీసుకుంటోంది. రాత్రంతా టక్ టక్ మంటూనే ఉంది. కునుకు లేదు."

2023 జూలైలో ఒక డ్రైవర్ నాకు ఫోన్‌లో చెప్పిన మాట ఇది. వయసులో నాకంటే పెద్దాయన, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల దగ్గర చేపలు ఎత్తుకుని, ఐసు కొట్టించుకుని హౌరా మార్కెట్ దాకా వెళ్ళే లారీ ఆయనది. ఆ ఓనర్ గారికి అలాంటివి ఆరు లారీలు ఉన్నాయి, అన్నీ ఒకే మోడల్, 24 వోల్టుల బళ్ళు, రెండు డోర్లకీ పవర్ విండోలు, సెంట్రల్ లాక్. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే చివరికి తేలిన తప్పు కంపెనీది కాదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీల వైరింగ్ పని చేస్తాను. పవర్ విండో పని చెయ్యట్లేదని బండి వస్తే మాలో ఎక్కువమంది చేసేది ఒకటే: కొత్త స్విచ్ తగిలించి చూడటం, గ్లాసు కదిలితే డబ్బు తీసుకుని పంపించెయ్యడం. ఈ ఆరు లారీలకీ అదే జరిగింది. ఓనర్ గారి దగ్గర బిల్లులన్నీ జాగ్రత్తగా ఉన్నాయి కాబట్టి లెక్క తేలిగ్గా వచ్చింది. పదకొండు నెలల్లో తొమ్మిది మాస్టర్ స్విచ్‌లు (గ్లాసులు, లాక్ నడిపే బటన్లన్నీ ఒకేచోట ఉండే డోరు స్విచ్), నాలుగు లాక్ మోటార్లు, రెండు విండో మోటార్లు. తొమ్మిది స్విచ్‌లలో మూడు నేను వేసినవే. ఆ బిల్లులు టేబుల్ మీద పరిచి చూసుకున్న రోజు నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే ఆయన మా మీద నమ్మకంతో ప్రతిసారీ అడిగినంత ఇచ్చి వెళ్ళాడు.

నా మొదటి పొరపాటు కూడా ముందే చెప్పాలి. స్విచ్ లోపలికి నీళ్ళు పోతున్నాయి కాబట్టి స్విచ్ వెనకాల మూసేస్తే సరిపోతుందని అనుకున్నాను. కొత్త స్విచ్ వెనక భాగం, దానికి వైర్లు తగిలించే కప్లర్ చుట్టూ సిలికాన్ పేస్ట్ దట్టంగా పూసి ఆరబెట్టి బిగించాను. మూడు వారాల్లో బండి తిరిగి వచ్చింది, అదీ మునుపటికంటే అధ్వాన్నంగా. ఎందుకో తర్వాత అర్థమైంది. వైరు వెంట జారి వచ్చే నీరు లోపలికి ఎలాగోలా దూరింది కానీ, నేను పూసిన పేస్ట్ వల్ల బయటికి పోయే దారి లేకుండా పోయింది. పైగా మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది కదా, అది ఎసిటిక్ యాసిడ్, రాగిని తినేస్తుంది. ఎలక్ట్రికల్ పనికి యాసిడ్ వదలని న్యూట్రల్ రకం వాడాలి. అది తెలియక ఆ వెనిగర్ వాసన పేస్ట్ కప్లర్ల మీద పూసేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు, దయచేసి ఆపండి.

విప్పి చూస్తే

ఈసారి స్విచ్ కొనకుండా ముందు డోర్ ప్యాడ్, అంటే డోరుకి క్యాబిన్ వైపు ఉండే కప్పు, మొత్తం విప్పించాను. బాబాయ్ బండితో మొదలుపెట్టి, మూడు వారాల్లో ఆరు బళ్ళూ ఒక్కొక్కటిగా చూశాను, ఒక్కోదానికి ఒక పూట పట్టింది.

చూసినవి చెప్పేముందు ఒక మాట. గ్లాసు బయటి వైపు ఉండే రబ్బరు బీడింగ్ నీళ్ళని పూర్తిగా ఆపదు, ఆపేలా దాన్ని చెయ్యలేదు కూడా. వాన పడితే గ్లాసు మీదుగా కొంత నీరు డోరు రేకుల మధ్యకి దిగుతుంది, లోపలే కిందికి జారి అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. అంటే డోరు లోపల ఒక సగం తడి వైపు, ఒక సగం పొడి వైపు. ఈ రెంటి మధ్య సరిహద్దు డోర్ ప్యాడ్ వెనకాల జిగురుతో అతికించి ఉండే ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు. చూడ్డానికి ప్యాకింగ్ కవర్‌లా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు, చింపి అవతల పారేస్తారు. మోటారు తడి వైపు ఉన్నా తట్టుకునేలా చేస్తారు. స్విచ్ మాత్రం పొడి వైపు ఉంటుందన్న నమ్మకంతో తయారవుతుంది, దాని కప్లర్‌కి చాలాసార్లు రబ్బరు సీలు కూడా ఉండదు.

ఆరు లారీల్లో నాలుగింటికి ఆ షీటు సరిగ్గా లేదు. రెండింటికి బ్లేడుతో గుండ్రంగా కోసి ఉంది, ఒకదానికి సెల్లో టేపు అంటించారు, ఒకదానికి అసలు లేనే లేదు. ఆ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది డోరు స్పీకర్లు. రాత్రిళ్ళు వెయ్యి కిలోమీటర్లు దాటే ప్రయాణం, పాటలు లేకపోతే నిద్ర ముంచుకొస్తుంది, కాబట్టి డ్రైవర్లు స్పీకర్లు పెట్టించుకోవడంలో తప్పేమీ లేదు. పెట్టినవాడు షీటు కోశాడు. స్పీకర్ వైరు పంపడానికి డోరు మడత దగ్గర, క్యాబిన్ నుంచి డోరులోకి వైర్లు దాటే చోట ఉండే రబ్బరు బూటుని (తొడుగుని) ఒక పక్క లాగి వదిలేశాడు, అది మళ్ళీ గాడిలో కూర్చోలేదు. క్యాబిన్ మీద నుంచి జారే నీరు సరిగ్గా అక్కడే దిగుతుంది. అక్కడి నుంచి వైరు కట్ట వెంట నడిచి, ఏ వంపూ లేకుండా నేరుగా స్విచ్ కప్లర్‌లోకి. వైరు కప్లర్ కంటే కిందికి ఒకసారి వేలాడి మళ్ళీ పైకి ఎక్కితే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ వంపు ఉంది. స్పీకర్ వైరుతో కలిపి టేపు చుట్టి బిగించి లాగేసరికి పోయింది.

స్పీకర్లు లేని రెండు బళ్ళ బిల్లులు విడిగా తీసి చూశాను. తొమ్మిది స్విచ్‌లలో వాటికి పడ్డది ఒక్కటే.

అడుగు రంధ్రాలు ఆరింటిలోనూ మూసుకుపోయి ఉన్నాయి. మట్టి, దుమ్ము, మధ్యలో చేప పొలుసులు కూడా. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఒక డోరులోంచి బకెట్‌లో పావు వంతు నీళ్ళు కారాయి, వాసన భరించలేకపోయాం. ఎండిపోయిన చోట తెల్లగా పెచ్చు కట్టి ఉంది. వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టి చూశాను. ఉప్పు.

ఉప్పు ఎక్కడిది

ఆ చెరువులకి సముద్రం మరీ దగ్గరేం కాదు. ఐసు నీళ్ళు వెనక బాడీలోంచి కారతాయి, క్యాబిన్ డోరు మీద పడవు. మరి ఇంత ఉప్పు ఎలా చేరింది? బాబాయ్‌ని అడిగితే, సరుకు దించి వచ్చాక బండిని చెరువు దగ్గరే కడుగుతామని, బోరు నీళ్ళు ధారాళంగా ఉంటాయని, ప్రెషర్ గన్ కూడా అక్కడే ఉందని చెప్పాడు. ఆ చుట్టుపక్కల చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. చేపలకీ రొయ్యలకీ పనికొస్తాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

తెలిసిన రొయ్యల రైతు దగ్గర ఉప్పదనం కొలిచే మీటరు అడిగి తీసుకెళ్ళి ఆ బోరు నీళ్ళు చూశాను. లీటరుకి 9 గ్రాముల దాకా చూపించింది. సముద్రం నీళ్ళలో సుమారు 35 గ్రాములు ఉంటుంది, అంటే పావు వంతు సముద్రంతో రోజూ డోర్లు కడుగుతున్నట్టు. అదే మీటరు విజయవాడలో కాలవ నీళ్ళలో ముంచితే దాదాపు సున్నా.

ఈ తేడా స్విచ్‌కి ఎందుకు ముఖ్యమంటే, మంచి నీళ్ళు కరెంటుని కొద్దిగానే పోనిస్తాయి, ఆరిపోతే పని అయిపోయినట్టే. సముద్రం నీళ్ళు మామూలు కుళాయి నీళ్ళకంటే వంద రెట్లు తేలిగ్గా కరెంటుని పోనిస్తాయి. ఉప్పు నీళ్ళు ఆరినా ఉప్పు అక్కడే మిగులుతుంది. గాలిలో తేమ పెరిగిన రాత్రి ఆ పొర మళ్ళీ నీళ్ళు పీల్చుకుని తడి అవుతుంది. బాబాయ్ బండిలో లాక్ టక్ టక్ మనేది వానలోనే కాదు, తెల్లవారుజామున మంచులో కూడా. వానకీ దీనికీ సంబంధం లేదని అందుకే ఆయన వాదించేవాడు. ఆయన చూసింది నిజమే.

తీసేసిన స్విచ్‌లు ఓనర్ గారు ఒక డబ్బాలో దాచి ఉంచారు, అది నాకు వరమైంది. తొమ్మిదీ విప్పాను. అన్నింటిలో చిలుము పట్టింది కానీ అన్ని పిన్నులకీ సమానంగా కాదు. విండో పిన్నులు పచ్చగా మారినా లావు అలాగే ఉంది. లాక్ బటన్‌కి వచ్చే ప్లస్ పిన్ మాత్రం సూదిలా సన్నబడింది, రెండింటిలో అయితే తెగిపోయింది. ఒకే స్విచ్, ఒకే నీళ్ళు, తేడా ఎక్కడుంది? విండో సప్లై తాళం తిప్పితేనే వస్తుంది. లాక్ సప్లై ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది. ఉప్పు తడిలో ప్లస్ వైపు రాగి కరిగిపోతూ ఉంటుంది, బండి ఆగి ఉన్నా సరే, డ్రైవర్ పడుకుని ఉన్నా సరే. కారులో 12 వోల్టులు, లారీలో 24, కాబట్టి ఇక్కడ ఆ తినడం ఇంకా జోరుగా ఉంటుంది. నాకు ఈ కేసులో అన్నిటికంటే పెద్ద ఆధారం ఆ సూది పిన్నే. నీళ్ళు మాత్రమే కారణమైతే పక్క పిన్ను కూడా అలాగే పోవాలి.

లాక్ ముందు ఎందుకు పిచ్చిపడుతుందో, విండో ఎందుకు ఆలస్యంగా పోతుందో కూడా దీన్నుంచే తేలింది. లాక్ బటన్ పంపేది చిన్న సిగ్నల్ మాత్రమే, దాన్ని చదివి మోటారుని తిప్పేది కంట్రోల్ యూనిట్. పిన్నుల మధ్య ఉప్పు తడి కొన్ని మిల్లీ ఆంపియర్లు లీక్ చేస్తే చాలు, ఎవరో బటన్ నొక్కారని అది అనుకుంటుంది. ఈ బళ్ళలో విండో అలా కాదు, మోటారు కరెంటు మొత్తం స్విచ్ గుండానే పోతుంది. ఏ బటనూ నొక్కనప్పుడు మోటారు రెండు వైర్లూ స్విచ్‌లోనే ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ప్లస్ నుంచి లీక్ అయిన కరెంటు మోటారుని తిప్పకుండా నేరుగా ఎర్త్‌కి పోతూ స్విచ్‌నే వేడి చేస్తుంది. అంటే విండో విషయంలో ముందు వేడి, చివర్లోనే లక్షణం. ఒక స్విచ్ అడుగున ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి ఉబ్బి ఉంది. ఆ బండి ఫ్యూజ్ బాక్స్ తీస్తే, 20 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని దారిలో ఎవరో చేసిన ఉపకారం. ఆ క్యాబిన్‌లో వెనక బెర్తు మీద మనిషి పడుకుంటాడు.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2010 జనవరిలో హోండా ప్రపంచవ్యాప్తంగా 6 లక్షల 46 వేల కార్లని వెనక్కి పిలిచింది, మన దేశంలో 8,532 సిటీ కార్లు అందులో ఉన్నాయి. డ్రైవర్ కిటికీలోంచి నీళ్ళు మాస్టర్ స్విచ్‌లోకి చేరితే అది వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందన్నదే కారణం. 2012లో జనరల్ మోటార్స్ అమెరికాలో దాదాపు రెండున్నర లక్షల బళ్ళని డ్రైవర్ డోరు మాడ్యూల్‌లోకి నీరు చేరి షార్ట్ అవుతోందని వెనక్కి పిలిచింది. మొదట కొన్నింటికి రక్షణ పూత పూసి సరిపెట్టారు, అది నిలవక తర్వాత మాడ్యూళ్ళే మార్చాల్సి వచ్చింది. నా సిలికాన్ కథ గుర్తొచ్చింది అది చదివినప్పుడు. అంత పెద్ద కంపెనీకి కూడా పూత సరిపోలేదు.

కొలతలు

బాబాయ్ బండి ఎడమ డోరు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 27.6 వోల్టులు. గ్లాసు పైకి ఎక్కుతున్నప్పుడు మోటారు కప్లర్ దగ్గర 21.9. మధ్యలో 5.7 వోల్టులు మాయం. మీటరు ఒక్కో జాయింట్‌కి అటూ ఇటూ పెట్టి వెతికితే 3.4 వోల్టులు డోరు మడత దగ్గరి కప్లర్‌లో ఎర్త్ పిన్ను దగ్గరే పోతున్నాయి, 1.5 స్విచ్ లోపల, మిగిలిన 0.8 వైరులో. అంటే స్విచ్ కొత్తది వేసినా గ్లాసు నీరసంగానే ఎక్కేది. గ్లాసు కదులుతుంది, మేం డబ్బు తీసుకుంటాం, అసలు జబ్బు మడత దగ్గర అలాగే ఉంటుంది.

కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెడితే మోటారు 11 ఆంపియర్లు లాగుతోంది. స్పీకర్లు లేని బండిలో అదే రకం మోటారు 5 లాగింది. గ్లాసు జారే గాడిలో ఎవరో ఇంజిన్ ఆయిల్ పోశారు, దానికి దుమ్ము అంటుకుని గంధంలా అయింది. గాడికి ఆయిల్, గ్రీజు వద్దు, తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టాలి. రెండు విండో మోటార్లు పోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం, నీళ్ళు కాదు.

ఇంకో పరీక్షకి ఇంట్లోంచి ముగ్గు పిండి తెచ్చాను. డోరు లోపలి రేకు మీద, వైరు కట్ట మీద పల్చగా చల్లి, బయట నుంచి మామూలు పైపుతో గ్లాసు మీద నీళ్ళు వదిలాం. నీరు నడిచిన దారి పిండిలో గీతలా కనపడుతుంది. మడత బూటు దగ్గర మొదలై వైరు మీదుగా స్విచ్ దాకా ఒకే గీత. ఫోటో తీసి ఓనర్ గారికి పంపాను. పదకొండు నెలల బిల్లులకి సమాధానం ఆ ఒక్క ఫోటోలో ఉంది.

చేసిన పని

స్పీకర్లు డోర్లలోంచి తీసి బెర్తు పైన పెట్టించాను. డ్రైవర్లు ముందు ఒప్పుకోలేదు, సౌండ్ బాగా వస్తోందని విన్నాక ఒప్పుకున్నారు. డోరు షీటు కంపెనీది దొరకలేదు, కాబట్టి నీళ్ళు పీల్చని 4 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు పాత కొలతకి కత్తిరించి బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) అతికించాను. ఇక్కడ ఒక కిటుకు ఉంది: షీటు అడుగు అంచు ప్యాడ్ వైపు కాదు, రేకు రంధ్రంలోంచి తడి వైపుకి దూర్చాలి. లేకపోతే షీటు మీద జారిన నీరంతా తిన్నగా క్యాబిన్ నేల మీదకి వస్తుంది.

మడత బూట్లు పన్నెండూ కొత్తవి వేశాం. కప్లర్లు కడిగి వాడదామని ఓనర్ గారు అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు, చిలుము వైరు ఇన్సులేషన్ లోపలికి ఒక జానెడు పాకి ఉంది. నల్లబడిన వైరు మంచి రాగి కనపడేదాకా కోసి, కొత్త ముక్క క్రింప్ చేసి (నొక్కి బిగించి), లోపల జిగురు ఉండే స్లీవ్ వేడి చేసి దించాం. మడత దగ్గర ప్రతి వైరుకీ రబ్బరు సీలు ఉండే కప్లర్ వేశాం. ఖాళీగా మిగిలిన రంధ్రాలకి బిరడాలు పెట్టాం, చాలామంది మర్చిపోయేది ఇదే. ఒక్క ఖాళీ రంధ్రం వదిలితే మిగతా సీళ్ళన్నీ దండగ. స్విచ్ దగ్గర వైరుకి వంపు తిరిగి ఇచ్చాం. ఎర్త్ డోరు రేకు మీద బోల్టుకి ఉన్నది తీసి క్యాబిన్ లోపలికి తెచ్చాం. లాక్ మోటార్లు కప్లర్ మొహం కిందికి ఉండేలా తిప్పి బిగించాం. ఫ్యూజ్‌లు సరైనవి పెట్టి, ఒక్కో బండిలో నాలుగు స్పేర్ ఫ్యూజ్‌లు టేపుతో మూత లోపలే అంటించాను, రాగి తీగ అవసరం రాకుండా.

'ఐపీ67 కప్లర్ వేశాం కదా, ఇక గన్‌తో కొట్టొచ్చా' అని క్లీనర్ అడిగాడు. కొట్టకూడదు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా ఆగుతుందని. ప్రెషర్ గన్‌కి వేరే పరీక్ష ఉంది, 9కె అంటారు, 80 డిగ్రీల వేడి నీళ్ళు 80 నుంచి 100 బార్ ఒత్తిడితో 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టి చూస్తారు. ఒకటి పాసైతే రెండోది పాసైనట్టు కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. మే నెల ఎండలో కాలిపోతున్న డోరు మీద చల్లటి నీళ్ళు పడితే స్విచ్ లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని బయటి నీటిని లోపలికి లాక్కుంటుంది. కాబట్టి బండి నీడలో చల్లారనిచ్చి, గన్ రెండడుగుల దూరం పట్టి, బీడింగ్ మీద నేరుగా కాకుండా కడగాలి. చివరికి ఒక బకెట్ మంచి నీళ్ళు డోరు మీద పోసి ఉప్పు వదిలించాలి. కడిగేముందు బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్ ఆపెయ్యాలి, ఎందుకంటే సప్లై లేని పిన్ను తడిసినా సూదిలా తినబడదు. బీఎస్-6 బండి అయితే తాళం తీశాక యాడ్‌బ్లూ (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) పంపు చప్పుడు ఆగేదాకా ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టి అప్పుడు ఆపాలి.

తర్వాత

2023 నవంబర్‌కి ఆరు బళ్ళూ అయిపోయాయి. 2025 జనవరి దాకా, అంటే పద్నాలుగు నెలలు లెక్క రాశాను. ఐదు బళ్ళలో ఒక్క స్విచ్ కూడా మార్చలేదు. బాబాయ్ బండిలో అదే ఎడమ డోరు మళ్ళీ కొలిస్తే మధ్యలో పోయేది 1.1 వోల్టు, మోటారు 5 ఆంపియర్ల చిల్లర.

ఆరో బండి 2024 ఆగస్టులో తిరిగి వచ్చింది. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. విప్పితే షీటు బాగుంది, బూటు బాగుంది, వైరు పొడిగా ఉంది, స్విచ్ మాత్రం పైనుంచి తడిసింది. ఏసీ పనిచెయ్యక డ్రైవర్ గ్లాసు దించుకుని నడుపుతున్నాడు, వాన నేరుగా చెయ్యి ఆన్చుకునే చోట ఉన్న స్విచ్ మీద పడింది. నేను కింద నుంచి వచ్చే నీళ్ళనే ఆలోచించాను, పైనుంచి వచ్చేదాన్ని మర్చిపోయాను. ఇప్పుడు ఆరింటికీ స్విచ్ మీద పల్చటి రబ్బరు తొడుగు వేశాం. ఆ బండికి ఏసీ కూడా బాగుచేయించమని ఓనర్ గారిని గట్టిగా అడిగాను. 2025 అక్టోబర్ నుంచి కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది, గ్లాసులు మూసి నడిపితే స్విచ్‌లకి కూడా అది మేలే.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు వచ్చిన బళ్ళ సంగతి వేరే రాయాలి. ఒక్క మాట మాత్రం: మునిగిన బండికి తాళం తిప్పకండి, ముందు బ్యాటరీ వైర్లు తీసి, డోర్ ప్యాడ్లు విప్పి, మంచి నీళ్ళతో బురద కడిగి, పూర్తిగా ఆరాకే సప్లై ఇవ్వండి.

ఇక నన్ను ఈ కేసులో అన్నిటికంటే భయపెట్టింది స్విచ్ కాదు. మూడో బండి కుడి డోరులో లాక్ మోటారు గేర్లు ఉప్పు పట్టి సగంలో బిగుసుకుపోయాయి. లోపలి లివర్ లాగినా డోరు తెరుచుకోవట్లేదు. డ్రైవర్ గ్లాసు దించి బయటి హ్యాండిల్‌తో తీసుకుని దిగుతున్నాడు, రెండు నెలలుగా. అది అలవాటైపోయి నాకు చెప్పాలని కూడా అనుకోలేదు. వీళ్ళు నడిపేది కాలవ గట్ల మీద, రాత్రిపూట. బండి కాలవలో పడితే విండో మోటారు కాసేపు పనిచెయ్యొచ్చు, కానీ నీరు గ్లాసుని గాడికేసి నొక్కడం మొదలయ్యాక అది దిగుతుందన్న నమ్మకం లేదు, డోరు మీద ఒత్తిడి పెరిగాక దాన్ని తొయ్యడం కూడా మనిషి వల్ల కాదు. నీళ్ళు గ్లాసు దాకా రాకముందే గ్లాసు దించెయ్యాలి, దిగకపోతే పక్క గ్లాసు మూల మీద సుత్తితో కొట్టాలి. ముందు అద్దం మీద కొట్టి టైం పోగొట్టుకోకూడదు, అది రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న అద్దం, పగిలినా ఊడిరాదు. ఆరు క్యాబిన్లలోనూ సీటు పక్కన చిన్న సుత్తి బిగించాం.

ఆ డోరు లాక్ మోటారు మార్చాక బాబాయ్‌ని పిలిచాను. ఆయన బండి కాకపోయినా, మిగతా డ్రైవర్లు ఆయన మాట వింటారు. బ్యాటరీ వైరు తీసేసి, ఆయన్ని లోపల కూర్చోబెట్టి, బయట నుంచి తాళంచెవితో లాక్ చేసి, లివర్ లాగమన్నాను.

"కరెంటే లేదు కదరా, ఎలా వస్తుంది?" అన్నాడు.

"రావాలి బాబాయ్. లాగు."

తెరుచుకుంది. ఆయన దిగలేదు. డోరు మూసుకుని, ఇంకోసారి లాక్ చెయ్యమని నాకు సైగ చేసి, మళ్ళీ లాగి చూసుకున్నాడు. ఇప్పుడు సర్వీసుకి ఏ బండి వచ్చినా, గ్లాసు ముట్టుకోకముందే ఆయన ఈ పరీక్ష తనే చేసుకుంటాడు.